కూలీ పేరు గోడ మీద, యజమాని పేరు గుట్టులో
కంపెనీల అసలు యజమానులు ఎవరో చెప్పమనే చట్టాలు అమెరికాలో, యూరప్‌లో, మన దేశంలో కోర్టు బోనెక్కాయి. ఆ తీర్పులతో వాడకు పనేంటి?

ఉపాధి హామీ పని జరిగిన ఏ ఊరికైనా వెళ్లి చూడండి. పంచాయతీ ఆఫీసు గోడ మీద పేర్లు కనిపిస్తాయి. ఎవరి జాబ్‌కార్డు మీద ఎన్ని రోజుల పని పడింది, ఎంత కూలి వచ్చింది, అన్నీ ఊరందరూ చదువుకోవచ్చు. సామాజిక తనిఖీ రోజున మస్టర్ రోలును గ్రామసభలో పైకి చదువుతారు. 2005 నాటి చట్టంలోని 17వ సెక్షన్ సామాజిక తనిఖీని తప్పనిసరి చేసింది. దాన్ని ఒక వ్యవస్థగా నడిపి దేశానికి చూపించింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. ఆ గోడ మీద పేర్లలో మన వాడల పేర్లు ఎక్కువ. దానికి మనం ఎన్నడూ అభ్యంతరం చెప్పలేదు. దొంగ మస్టర్లు పట్టుబడింది ఆ గోడ వల్లే కాబట్టి, మన పేరు, మన కూలి నలుగురికీ తెలియడానికి ఒప్పుకున్నాం.

అదే ఊరి పొలిమేరలో ఒక కంచె ఉంటుంది. దానికి ఏదో ప్రైవేట్ లిమిటెడ్ బోర్డు వేలాడుతుంటుంది. ఆ కంపెనీ ఎవరిదని అడిగితే వాచ్‌మన్‌కు తెలియదు. సర్పంచికి తెలిసినా చెప్పడు. తహసీల్దారు కంపెనీదే అంటాడు తప్ప ఎవరిదో చెప్పడు.

మా పరిశోధన కోసం తిరిగిన ఊళ్లలో ఒక ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. అక్కడివాళ్లు ఇంకా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. దళితులకు డీ పట్టాలుగా ఇచ్చిన భూమి ముందు ఒక రైతు చేతికి, అతని నుంచి ఒక కంపెనీకి, అక్కడి నుంచి ఇంకో కంపెనీకి పోయింది. మేము వంద రూపాయలు కట్టి కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కాగితాలు తీశాం. ఇద్దరు డైరెక్టర్ల పేర్లు దొరికాయి. ఒకతను ఆ కంపెనీలోనే జీతానికి పనిచేసే అకౌంటెంటు. వాటాలు మాత్రం ఇంకో కంపెనీ పేరు మీద, ఆ కంపెనీ వాటాలు మరో రెండు సంస్థల పేరు మీద ఉన్నాయి. మా ప్రయాణం అక్కడితో ఆగిపోయింది. ఆ కాగితాలు చూపించినప్పుడు పట్టా పోగొట్టుకున్న పెద్దాయన ఒక్క మాట అడిగాడు: “పేరు తెలియనోడి మీద కేసెట్టా పెడతాం నాయనా?”

కంపెనీల అసలు యజమానులు బయటపడాలనే చట్టాల చుట్టూ ప్రపంచమంతా నడుస్తున్న రాజ్యాంగ వివాదాలన్నిటికీ మూలం ఆ ప్రశ్నే. పేరు దాచుకునే హక్కు ఎవరికి ఉంది, పేరు చెప్పాల్సిన బాధ్యత ఎవరిది? అమెరికాలో ఏం జరిగిందో ముందు చూద్దాం. అక్కడి కథలో మనకు పనికొచ్చే పాఠం ఒకటి ఉంది.

అమెరికాలో ఒక చట్టం ఎలా పోయింది

అమెరికాలో కంపెనీ పెట్టడం రాష్ట్రాల పరిధిలోని పని. డెలావేర్ లాంటి రాష్ట్రాల్లో కంపెనీ రిజిస్టర్ చేసేటప్పుడు అసలు యజమాని పేరు చెప్పనక్కర్లేదు. అక్కడ ఏటా 20 లక్షలకు పైగా కొత్త కంపెనీలు పుడుతున్నాయని కాంగ్రెసే తన చట్టంలో రాసుకుంది. వాటిలో చాలావరకు మామూలు వ్యాపారాలే. కానీ మాదకద్రవ్యాల డబ్బు, లంచాల డబ్బు, మనుషుల అక్రమ రవాణా డబ్బు దాచుకునే డొల్ల కంపెనీలూ ఆ గుంపులోనే కలిసిపోతాయి.

అందుకే 2021 జనవరి 1న, అధ్యక్షుడి వీటోను తోసిపుచ్చి ఆమోదించిన రక్షణ బిల్లులో భాగంగా కార్పొరేట్ ట్రాన్స్‌పరెన్సీ యాక్ట్ వచ్చింది. 2024 జనవరి 1న అమల్లోకి దిగింది. కంపెనీలో 25 శాతం వాటా ఉన్నవాళ్లు, లేదా కంపెనీని గట్టిగా అదుపు చేసేవాళ్లు తమ పేరు, పుట్టినతేదీ, చిరునామా, గుర్తింపు పత్రం నకలు ఆర్థిక శాఖ కింద పనిచేసే ఫిన్‌సెన్ అనే విభాగానికి ఇవ్వాలి. సుమారు 3.26 కోట్ల సంస్థలు దీని కిందికి వస్తాయని ప్రభుత్వం లెక్క కట్టింది. అక్కడ కన్సల్టెన్సీలు, గ్యాస్ స్టేషన్లు, చిన్న హోటళ్లు నడుపుకునే మన తెలుగువాళ్లలో చాలామందికి ఆ ఏడాది ‘బీఓఐ ఫైలింగ్’ అనే మాట పరిచయమైంది కూడా.

ఇందులో ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. ఈ వివరాలు గోడ మీద రాసేవి కావు. జనానికి కనబడేవి కూడా కావు. దర్యాప్తు సంస్థలు, కొన్ని షరతులతో బ్యాంకులు మాత్రమే చూడగలవు. మన ఉపాధి కూలీ వివరాలకు లేనంత కాపలా వీటికి పెట్టారు. అయినా సరిపోలేదు.

2024 మార్చి 1న అలబామాలోని ఫెడరల్ జిల్లా కోర్టు, నేషనల్ స్మాల్ బిజినెస్ యునైటెడ్ అనే చిన్న వ్యాపారుల సంఘం వేసిన కేసులో ఈ చట్టం రాజ్యాంగ విరుద్ధమంది. కంపెనీ పెట్టడం దానికదే వాణిజ్యం కాదని, అది రాష్ట్రాల వ్యవహారమని, కాంగ్రెస్‌కు రాజ్యాంగం ఇచ్చిన అధికారాల్లో ఏదీ ఇంతదూరం పోదని కోర్టు వాదన. వ్యక్తి స్వేచ్ఛ, అక్రమ సోదాల నుంచి రక్షణ లాంటి మిగతా అభ్యంతరాల జోలికి అది వెళ్లనే లేదు.

ఆ డిసెంబరు 3న టెక్సస్‌లోని ఒక జిల్లా కోర్టు దేశమంతటా ఈ చట్టం అమలు ఆపేసింది. డిసెంబరు 23న అప్పీలు కోర్టులోని ఒక బెంచ్ ఆ ఉత్తర్వును పక్కన పెట్టింది. మూడు రోజులకే అదే కోర్టులోని ఇంకో బెంచ్ దాన్ని తిరిగి నిలబెట్టింది. 2025 జనవరి 23న సుప్రీంకోర్టు టెక్సస్ ఉత్తర్వును నిలిపివేసింది. అదే రాష్ట్రంలో మరో కేసులో ఇచ్చిన స్టే అడ్డుగా ఉంటే, ఫిబ్రవరి 18న అదీ తొలగింది. వివరాలు ఇవ్వడానికి మార్చి 21 గడువుగా పెట్టారు.

కోర్టుల్లో దారి క్లియరయ్యాక ప్రభుత్వమే వెనక్కి తగ్గింది. అమెరికా పౌరుల మీద, అమెరికా కంపెనీల మీద ఈ చట్టాన్ని ప్రయోగించబోమని మార్చి 2న ఆర్థిక శాఖ ప్రకటించింది. గడువు తేదీ నాటికి నిబంధననే మార్చేసింది. అమెరికాలో పుట్టిన కంపెనీలన్నిటికీ మినహాయింపు ఇచ్చింది. విదేశాల్లో పుట్టి అక్కడ రిజిస్టర్ అయిన కంపెనీలకు మాత్రమే బాధ్యత మిగిలింది.

ఇక చివరి మలుపు. 2025 డిసెంబరులో 11వ సర్క్యూట్ అప్పీలు కోర్టు అలబామా తీర్పును కొట్టేసింది. పేరు దాచుకుని నడిచే కంపెనీల ఆర్థిక వ్యవహారాలను నియంత్రించే అధికారం కాంగ్రెస్‌కు ఉందని, వివరాలు ఇమ్మనడం దానికదే అక్రమ సోదా కాదని తేల్చింది. రాజ్యాంగ పరీక్షలో చట్టం నెగ్గింది. కానీ నెగ్గేనాటికి అందులో మనుషులు మిగల్లేదు. ఈ మాట మన కార్యకర్తలు రాసిపెట్టుకోవాలి. కోర్టులో ఓడించలేని చట్టాన్ని నిబంధనలతో ఖాళీ చేయొచ్చు. భూసంస్కరణల చట్టాలకు మన దగ్గర పట్టిన గతి మనకు కొత్త కాదు.

అదే అలబామా, ఇంకో జాబితా

ఈ కథలో అలబామా పేరు రావడం యాదృచ్ఛికమే. కానీ పేర్ల జాబితాల గురించి అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన అతి ముఖ్యమైన తీర్పు కూడా అలబామా నుంచే వచ్చింది. నల్లజాతి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీని తమ రాష్ట్రం నుంచి వెళ్లగొట్టాలని 1956లో అలబామా ప్రభుత్వం కోర్టుకెక్కింది. ఆ వ్యాజ్యంలో మీ సభ్యుల జాబితా ఇవ్వండి అని అడిగింది. సంఘం ఇవ్వనంది. కోర్టు లక్ష డాలర్ల జరిమానా వేసినా ఇవ్వలేదు. ఆ జాబితా బయటికొస్తే ఎవరి ఉద్యోగం పోతుందో, ఎవరి ఇల్లు తగలబడుతుందో వాళ్లకు తెలుసు. 1958లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా సంఘం పక్షాన నిలబడింది. పేర్లు బయటపెట్టమనడమే సంఘటితమయ్యే హక్కును చంపడం అవుతుందని గుర్తించింది.

ఈ తీర్పుకు ముప్పై ఏళ్ల ముందు, 1928లో, అదే సుప్రీంకోర్టు ఇంకో జాబితా కేసు తేల్చింది. ప్రమాణాలు చేయించే రహస్య సంఘాలు తమ సభ్యుల పేర్లు ప్రభుత్వానికి ఇవ్వాలని న్యూయార్క్ రాష్ట్రం చట్టం చేసింది. దాని గురి కూ క్లక్స్ క్లాన్ మీద. క్లాన్ సభ్యుడు ఒకడు దాన్ని సవాలు చేస్తే, చట్టం సరైనదేనంది కోర్టు. 1958లో ఎన్‌ఏఏసీపీ తీర్పు రాసేటప్పుడు పాత తీర్పును కోర్టు మర్చిపోలేదు. హింసకు, బెదిరింపులకు దిగే క్లాన్ స్వభావం వేరు అని విడదీసి చూపింది.

రెండు సందర్భాల్లోనూ అడిగింది సభ్యుల పేర్లే. ఒకచోట ఇవ్వనక్కర్లేదంది, ఇంకోచోట ఇవ్వాల్సిందే అంది. ఇందులో వైరుధ్యం లేదు. ముసుగు వేసుకుని కొట్టేవాడి పేరు బయటికి రావాలి, దెబ్బ తినేవాడి పేరుకు కాపలా ఉండాలి. గోప్యతను తూచాల్సిన తక్కెడ ఇదే. బలహీనుడు బలవంతుడి నుంచి దాక్కోవడానికి పుట్టిన హక్కు అది. బలవంతుడు బాధ్యత నుంచి దాక్కోవడానికి దాన్ని వాడుకుంటే, హక్కు పేరే మిగులుతుంది, పని తిరగబడుతుంది.

కంపెనీ యజమానుల తరఫున అమెరికాలో కేసులు వేసినవాళ్లు గోప్యత, సంఘ స్వేచ్ఛ వాదాలను కూడా ముందుకు తెచ్చారు. వాళ్లందరూ దొంగలని మేము అనడం లేదు. చిన్న దుకాణం నడుపుకునేవాడికి కాగితాల భారం నిజమే. ప్రభుత్వం చేతిలో పేర్లు పడితే రేపు ఏం చేస్తుందోననే భయమూ నిజమే. ఆ భయం మనకంటే బాగా ఎవరికి తెలుసు? కానీ కంపెనీ అనేది సంఘం లాంటిది కాదు. వ్యాపారం మునిగితే తన సొంత ఆస్తికి నష్టం రాకుండా చట్టం యజమానికి ఇచ్చిన రక్షణ కవచం అది. ప్రజల చట్టం నుంచి కవచం తీసుకున్నవాడు, కవచం వెనక ఎవరున్నారో చెప్పడం కనీస బదులు.

యూరప్ వేసిన తాళం

ఈ వివాదంలో యూరప్ ఇంకో దారి తొక్కింది. పనామా పత్రాలు బయటపడ్డాక, 2018లో యూరోపియన్ యూనియన్ తన నిబంధనలు మార్చి, కంపెనీల అసలు యజమానుల రిజిస్టర్లను జనమంతా చూడొచ్చంది. లక్సెంబర్గ్ నుంచి వచ్చిన రెండు కేసుల్లో 2022 నవంబరు 22న యూరోపియన్ కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. వ్యక్తిగత జీవితానికి, వ్యక్తిగత సమాచారానికి ఉన్న హక్కుల్లోకి ఇది అవసరానికి మించి చొరబడుతోందని కారణం చెప్పింది. కొన్ని దేశాలు వెంటనే రిజిస్టర్లు మూసేశాయి.

అయితే తలుపు పూర్తిగా మూతపడలేదు. సరైన ప్రయోజనం చూపినవాళ్లకు తెరవాలంది. అక్రమ ధన వ్యవహారాలపై పనిచేసే పాత్రికేయులకు, పౌరసంఘాలకు ఆ ప్రయోజనం ఉన్నట్టేనని కోర్టు చెప్పింది, 2024లో వచ్చిన కొత్త ఆదేశం దాన్ని నిబంధనగా మార్చింది. మనకు ఇక్కడ పనికొచ్చే ప్రశ్న ఒకటుంది. తాళంచెవి ఎవరికివ్వాలో నిర్ణయించేటప్పుడు భూమి పోగొట్టుకున్న మనిషి, ఫ్యాక్టరీలో చెయ్యి పోగొట్టుకున్న మనిషి ఆ వరుసలో ఉన్నారా? యూరప్‌లో పాత్రికేయులకు చోటు దొరికింది. బాధితుడికి విడిగా చోటు దొరకాలంటే ఎవరో ఒకరు అడగాలి.

మన చట్టంలో ఉన్న పేరు, మనకు కనపడని పేరు

మన దేశంలో చట్టం లేదనుకుంటే పొరపాటు. 2013 కంపెనీల చట్టంలో 90వ సెక్షన్ ఉంది. 2018 నుంచి అమల్లో ఉన్న రూపంలో, కంపెనీలో నేరుగా కాక వేరే కంపెనీల ద్వారానో, ట్రస్టుల ద్వారానో 10 శాతం, ఆపైన వాటాగానీ ఓటు హక్కుగానీ ఉన్న మనిషి తన పేరు చెప్పాలి. అమెరికా 25 శాతం దగ్గర ఆగితే మనం 10 శాతానికి దిగాం. 2023లో ఎల్‌ఎల్‌పీలకూ ఇలాంటి నిబంధన వచ్చింది. కాగితం మీద మన చట్టం అమెరికా చట్టంకంటే గట్టిది.

మరి ఆ పేర్లు కంపెనీ దగ్గర ఉండే రిజిస్టరులో ఎవరు చూడొచ్చు? చట్టం ప్రకారం ఆ కంపెనీ సభ్యులు, అంటే వాటాదారులు. తనిఖీకి రుసుము యాభై రూపాయలకు మించకూడదు. యాభై రూపాయలు మన దగ్గరా ఉంటాయి. వాటా ఉండదు. కంపెనీలో పనిచేసే పారిశుద్ధ్య కార్మికురాలికి, కంపెనీకి భూమి పోయిన కుటుంబానికి, కంపెనీ వదిలే నీళ్లు తాగే వాడకు ఆ రిజిస్టరు తెరుచుకోదు. యజమాని పేరు ఇంకో యజమానికి మాత్రమే కనబడుతుంది.

దీనివల్ల మనకు పోయేదేంటో మూడు చోట్ల చూడొచ్చు.

మొదటిది భూమి. 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం ప్రకారం పేదలకు ఇచ్చిన భూమి అమ్మకం చెల్లదు, కొన్నవాడికి హక్కు రాదు. 2023లో ఆంధ్రప్రదేశ్ ఆ చట్టాన్ని సవరించి, అసైన్ చేసి 20 ఏళ్లు దాటిన భూమిపై మూల అసైనీలకు అమ్ముకునే హక్కు ఇచ్చింది. తర్వాత వచ్చిన ప్రభుత్వం అక్రమాలు జరిగాయంటూ అలాంటి భూముల రిజిస్ట్రేషన్లు ఆపింది. ఏ ప్రభుత్వం ఉన్నా, కొన్నది కంపెనీ అయినప్పుడు దాని వెనక ఉన్న మనిషి ఎవరో తెలియకుండా అక్రమం జరిగిందో లేదో తేల్చేదెలా? నలుగురు వేరువేరు కొనుగోలుదారుల్లా కనబడే నాలుగు కంపెనీలు ఒకే మనిషివి కావచ్చు.

రెండోది అత్యాచారాల నిరోధక చట్టం. 1989 చట్టంలోని మూడో సెక్షన్ ఎస్సీ, ఎస్టీ కాని వ్యక్తి చేసే నేరాల గురించి మాట్లాడుతుంది. దళితుల భూమిని అక్రమంగా ఆక్రమించడం, వాళ్లను వాళ్ల భూమి నుంచి వెళ్లగొట్టడం అందులో నేరాలు. నేరం చేసిన వ్యక్తి ఎస్సీ, ఎస్టీ కాదని చూపాలి. కంచె వేసింది కంపెనీ అయితే ఎవరి కులం చూపుతాం? కంపెనీ కుల ధ్రువీకరణ పత్రం తీసుకోదు. సంతకం పెట్టిన డైరెక్టరు జీతగాడు. అతను మన కులం వాడే అయితే కేసు అక్కడే కూలుతుంది. అసలు యజమాని పేరు దొరికితేనే ఈ చట్టానికి పళ్లు ఉంటాయి.

కంపెనీ వెనక చూడటం కోర్టులకు చేతకాని పనేమీ కాదు. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు ఏం చేసిందో గుర్తుచేసుకుందాం. విశాఖ మన్యంలో గిరిజన ప్రాంతపు గనులను ప్రైవేటు కంపెనీలకు లీజుకిచ్చారు. భూ బదలాయింపు నిబంధనలో ‘వ్యక్తి’ అనే మాటలోకి కంపెనీ కూడా వస్తుందని, అంటే అది కూడా గిరిజనేతర వ్యక్తేనని కోర్టు తేల్చి, ఆ లీజులు చెల్లవంది. ఆంధ్ర నేల మీద పుట్టిన ఆ తీర్పు కంపెనీ అనే ముసుగును గిరిజనుడి వైపు నుంచి చూసింది. దళిత భూముల విషయంలోనూ అలాంటి చూపు కావాలి.

మూడోది మనకు కాస్త ఇబ్బందిగా ఉన్నా మాట్లాడుకోవాల్సింది. మన పేరు మీద నడిచే వ్యాపారాలు. కేంద్ర సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి, అందులో భాగంగా 4 శాతం ఎస్సీ, ఎస్టీల యాజమాన్యంలోని పరిశ్రమల నుంచి కొనాలన్నది విధానం. కంపెనీ అయితే 51 శాతం వాటా మనదై ఉండాలి. 2016లో వచ్చిన స్టాండప్ ఇండియా రుణాలకూ అదే 51 శాతం షరతు ఉండేది. ఎస్సీ కోటాలో వచ్చిన పెట్రోలు బంకు, గ్యాస్ ఏజెన్సీ, కాంట్రాక్టు ఎవరు నడుపుతున్నారో ప్రతి మండల కేంద్రంలో నలుగురికీ తెలుసు. సంతకం మనది, సంపాదన ఇంకొకరిది. బినామీ అంటే పేరు లేనివాడు అని అర్థం. ఇక్కడ పేరు ఉన్నవాడికి పైసా లేదు, పైసా ఉన్నవాడికి పేరు లేదు.

ఈ ఏర్పాటులో మనవాడు తన కులాన్ని ఎన్నిసార్లు రుజువు చేసుకోవాలో లెక్కేయండి. వీఆర్వో దగ్గర, తహసీల్దారు దగ్గర, బ్యాంకులో, టెండరులో అడుగుతారు. వెనక ఉన్న పెట్టుబడిదారుణ్ని మాత్రం ‘నువ్వెవరు’ అని అడిగేవాళ్లు ఉండరు. పట్టుబడితే జైలుకు పోయేదీ, అప్పు నోటీసు అందుకునేదీ సంతకం పెట్టినవాడే. అసలు యజమాని ఎవరో తేల్చే చట్టం గట్టిగా ఉంటే నష్టం మనకు కాదు, మన వేలిముద్రను అద్దెకు తీసుకున్నవాడికి.

మన సుప్రీంకోర్టు తూచిన తక్కెడ

కంపెనీల గుట్టు విషయంలో మన సుప్రీంకోర్టు చెప్పినవాటిలో రెండు తీర్పులు ఇక్కడ ముఖ్యం.

బినామీ చట్టం మీద 2022 ఆగస్టు 23న గణపతి డీల్‌కామ్ కేసులో తీర్పు వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ నాయకత్వంలోని బెంచ్ 1988 బినామీ చట్టంలోని శిక్షల నిబంధనను రాజ్యాంగ విరుద్ధమంది. 2016 సవరణలు వెనకటి లావాదేవీలకు వర్తించవంది. శిక్షలు వెనక్కి వర్తించకూడదనే సూత్రాన్ని మనం తేలిగ్గా తీసిపారేయలేం, రేపు అది మన పిల్లలను కూడా కాపాడాల్సిన సూత్రమే. కానీ ఆ పాత నిబంధన రాజ్యాంగబద్ధతను ఆ కేసులో ఎవరూ సవాలు చేయలేదు, దానిపై వాదనలే జరగలేదు. ఆ కారణంతోనే 2024 అక్టోబరు 18న సుప్రీంకోర్టు ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. మధ్యలో రెండేళ్లు పోయాయి.

రెండోది 2024 ఫిబ్రవరి 15 నాటి ఎన్నికల బాండ్ల తీర్పు. కంపెనీలు ఏ పార్టీకి విరాళం ఇస్తున్నాయో చెప్పనక్కర్లేకుండా 2017లో కంపెనీల చట్టాన్ని మార్చారు. మూడేళ్ల సగటు లాభంలో 7.5 శాతం మించి ఇవ్వకూడదనే హద్దునూ తీసేశారు. దాతల గోప్యత కోసమేనని ప్రభుత్వం వాదించింది. ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ వాదనను కొట్టిపారేయకుండా తూచింది. రాజకీయ అభిప్రాయానికి గోప్యత ఉంటుందని ఒప్పుకుంది. అయితే విధానాన్ని కొనుక్కోవడానికి ఇచ్చే డబ్బుకు ఆ రక్షణ వర్తించదంది. ఓటరుకు తెలుసుకునే హక్కు ఉందంది. హద్దు లేని కార్పొరేట్ విరాళాలు రాజకీయ సమానత్వాన్ని దెబ్బతీస్తాయంది. జాబితా బయటికొచ్చాక, నష్టాల్లో ఉన్న కంపెనీలు కూడా బాండ్లు కొన్నాయని పత్రికలు రాశాయి. నష్టాల్లో ఉన్న కంపెనీ విరాళం ఇచ్చిందంటే ఆ డబ్బు అసలు ఎవరిదని అడగాల్సి వస్తుంది. మళ్లీ మన పెద్దాయన ప్రశ్న దగ్గరికే వచ్చాం.

1949 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ చేసిన హెచ్చరిక ఈ సందర్భంలో ఊరికే గుర్తురాదు. రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం ఉన్న వైరుధ్యంలోకి అడుగుపెడుతున్నామని ఆయన చెప్పాడు. ఓటు వేసేవాడి పేరు పోలింగు బూతు గోడ మీద అంటిస్తారు. పార్టీకి కోట్లు ఇచ్చినవాడి పేరు కోసం సుప్రీంకోర్టుదాకా పోవాల్సి వచ్చింది.

ఇప్పుడు గాలి ఎదురు వీస్తోంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలోని 44(3) సెక్షన్ సమాచార హక్కు చట్టాన్ని మార్చింది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. వ్యక్తిగత సమాచారం అయితే చాలు, అధికారి ఇవ్వనని అనొచ్చు. ఇంతకుముందు అదే క్లాజులో ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలని ఉండేది. ఇప్పటికీ 8(2) కింద ఆ దారి మిగిలే ఉంది. కానీ దరఖాస్తు పెట్టిన దళిత యువకుడు ఆఫీసుల చుట్టూ, అప్పీళ్ల చుట్టూ తిరిగి ఆ దారి పట్టుకోవాలి. లబ్ధిదారుల జాబితాలు, కాంట్రాక్టర్ల పేర్లు, భూమి ఎవరి పేరు మీదికి మారిందనే వివరాలు ఇకపై వ్యక్తిగతం అనే ముద్రతో వెనక్కి వస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

మనం అడగాల్సింది

గోప్యత వద్దని మేము అనడం లేదు. 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గుర్తించిన హక్కు మనదే. ఇల్లు అద్దెకు అడిగితే ఇంటిపేరు ఆరా తీసే దేశంలో, హాస్టల్లో ర్యాంకు అడిగి కులం పట్టుకునే దేశంలో, గోప్యత మనకు అన్నం లాంటిది. అందుకే దాన్ని కంచెలు వేసేవాళ్లకు వదిలేయకూడదు.

కాబట్టి అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. 90వ సెక్షన్ రిజిస్టరు వాటాదారులకే కాక కార్మికులకు, భూమి కోల్పోయినవాళ్లకు, గ్రామసభకు కూడా తెరవాలి. చూడాల్సింది పేరు, వాటా, అదుపు మాత్రమే. ఇంటి చిరునామా, గుర్తింపు నంబర్లు ఎవరికీ అక్కర్లేదు. అసైన్డ్ భూమి, షెడ్యూల్డ్ ప్రాంతపు భూమి ఏ సంస్థ పేరు మీదికి మారినా, రిజిస్ట్రేషన్ రోజునే దాని వెనక ఉన్న మనిషి పేరు దస్తావేజులో రాయాలి. ఎస్సీ, ఎస్టీ కోటా కాంట్రాక్టుల్లో నిజమైన అదుపు ఎవరిదో తనిఖీ చేయాలి, అందులో మొదటి శిక్ష పేరు వాడుకున్నవాడికి పడాలి తప్ప పేదరికంలో పేరు ఇచ్చినవాడికి కాదు. సమాచార హక్కు చట్టంలో తీసేసిన ప్రజాప్రయోజనం మాట తిరిగి అదే చోట పెట్టాలి.

ఇలాంటి నిబంధనలు వస్తే యజమానులు గోప్యత హక్కు పట్టుకుని రేపు కోర్టుకెక్కుతారు. ఎక్కనివ్వండి. ఆ రోజు కోర్టు ముందు పెట్టడానికి అమెరికా నుంచి రెండు జాబితాల పాఠం, మన్యం నుంచి సమతా తీర్పు, ఢిల్లీ నుంచి బాండ్ల తీర్పు మన చేతిలో ఉన్నాయి. కోర్టులో నెగ్గాక కూడా నిబంధనల్లో ఎవరు వేలు పెడుతున్నారో కనిపెట్టుకుని ఉండాలని అమెరికా అనుభవం చెప్పనే చెప్పింది.

మేము మళ్లీ ఆ ఊరు వెళ్లినప్పుడు పంచాయతీ గోడకు కొత్తగా సున్నం వేసి, కూలీల పేర్లు తిరిగి రాస్తున్నారు. పెద్దాయన పేరు ఏడో వరుసలో ఉంది. కంచె మీద బోర్డు మాత్రం మారింది. ఇప్పుడు మూడో కంపెనీ.